శిష్యులు కట్టిన శాస్త్రము

కంప్యూటరు అను మాట చెవిని బడగానే నేడు తెలుగునాట ఇంటింటను మొదట స్ఫురించునవి ఉద్యోగము, జీతము, సముద్రము దాటు ప్రయాణము. అందు నింద్యమైనది లేదు. ఆ విద్యవలన ఎన్నియో సామాన్యకుటుంబములు తలయెత్తుకొని నిలిచినవి. అయినను ఆ యంత్రమునకు వెనుక, యంత్రముకన్న ముందే జన్మించి, ఏ లెక్కను యంత్రము చేయగలదు, ఏ లెక్కను ఎన్నటికిని చేయజాలదు, చేయగల లెక్కకైనను ఎంత కాలము పట్టును అని విచారించు శుద్ధశాస్త్ర మొకటి కలదని ఎరిగినవారు కొలదిమంది. గణనసిద్ధాంతమని దానిని పిలుచుకొందము. దానికి ప్రయోగశాలలు వలదు, కోట్ల విలువచేయు పరికరములు వలదు; కాగితము, కలము, నల్లబల్ల, తెగువగల బుద్ధి చాలును. అందుచేతనే కాబోలు, ఈ శాస్త్రచరిత్రమున ముఖ్యమైన మలుపులను ఒక్కొక్కటిగా పరిశీలించినచో, పెక్కింటియందు ఇంకను పట్టము చేతికి రాని పరిశోధకవిద్యార్థి యొకడు కానవచ్చును. అతనికి రెండడుగుల వెనుక, ఆ ప్రశ్నను అతని చెవిని వేసిన గురువు కానవచ్చును. శిష్యునిచేత ఓడుటను గురువు గెలుపుగా నెంచవలెనని మన పెద్దలు చెప్పిన నీతి, దూరదేశములలో, వేఱుభాషలలో, ఇంత చక్కగా ఆచరణకు వచ్చిన శాస్త్రము మఱియొకటి ఉన్నదో లేదో చెప్పజాలను.

1928లో జర్మను గణితాచార్యుడు డేవిడ్ హిల్బర్ట్, తన శిష్యుడైన విల్‌హెల్మ్ ఆకర్‌మన్‌తో కలిసి ప్రకటించిన తర్కగ్రంథమున ఒక ప్రశ్నను నిలిపెను: గణితవాక్య మేదైన నొసగినచో, అది తర్కమున నిరూపింపదగినదో కాదో తప్పక తేల్చిచెప్పు యాంత్రికపద్ధతి యొకటి కలదా? 1935 వసంతమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మాక్స్ న్యూమన్ గణితశాస్త్రపు పునాదులనుగూర్చి ఉపన్యసించుచు ఈ ప్రశ్నను ప్రస్తావింపగా, వినినవారిలో అలాన్ ట్యూరింగ్ అను ఇరువదిరెండేండ్ల యువకుడుండెను. తక్కినవారు యాంత్రికమను మాటను అలంకారముగా గ్రహించి విడిచియుందురు. ట్యూరింగ్ దానిని అక్షరాల పట్టుకొనెను. లెక్కలు కట్టు గుమాస్తా చేయు పని యేమి? గళ్ళు గీసిన కాగితముపై ఒక గుర్తును చూచును, దానిని చెఱిపి మఱియొకటి వ్రాయును, ప్రక్క గడికి జరుగును, మనస్సున ఏ దశలో ఉన్నాడో జ్ఞాపకముంచుకొనును. ఈ కొలది చేష్టలతో ఒక యంత్రమును ఊహించి, సమస్తగణనమును దానియందు ఇమిడ్చి, ఆ యంత్రము ఎన్నటికిని తేల్చలేని ప్రశ్నలు కలవని నిరూపించి, ట్యూరింగ్ 1936 ఏప్రిలులో తన వ్రాతప్రతిని న్యూమన్ చేతికిచ్చెను. దాదాపు అదే కాలమున అమెరికాలో ప్రిన్స్‌టన్ ఆచార్యుడు అలోంజో చర్చ్ వేఱొక మార్గమున అదే ఫలితమును ప్రకటించినాడని తెలియవచ్చెను. ఇట్టి సందర్భమున యువకుని ఉత్సాహము చల్లారుట సహజము. న్యూమన్ అట్లు కానీయలేదు. ఈతడు ఎవరి పర్యవేక్షణయు లేకయే పనిచేసినాడనియు, ఒంటరివాడై పోకుండ మీ చెంత కొంతకాలము ఉంచుకొనుడనియు చర్చ్‌కే స్వయముగా జాబు వ్రాసెను. పోటీదారునికే శిష్యుని అప్పగించిన గురువాతడు. ట్యూరింగ్ ఆ శరత్తునందే ప్రిన్స్‌టన్ చేరి, చర్చ్ శిష్యుడై, 1938లో డాక్టరు పట్టము పొందెను.

ఆ చర్చ్ శిష్యకోటిని తలచినచో ఆశ్చర్యము కలుగును. గణనీయప్రమేయముల సిద్ధాంతమును తీర్చిదిద్దిన స్టీఫెన్ క్లీనీ ఆయన శిష్యుడు. బార్క్‌లీ రోసర్ ఆయన శిష్యుడు. తరువాతి తరమున మైకేల్ రాబిన్, డానా స్కాట్ ఆయన శిష్యులు. ఈ చివరి ఇద్దఱును 1957 వేసవిలో ఐబిఎం సంస్థవారి ఆహ్వానముపై ఒకచోట కూడి, పరిమితమైన జ్ఞాపకశక్తి గల యంత్రములనుగూర్చి విచారించిరి. స్కాట్‌కు అప్పటికి పట్టమింకను రాలేదు. ఒక్కొక్క అడుగునను ఒకే దారి కాక పెక్కు దారులు తెఱచియుండి, వానిలో ఏదో యొకటి గమ్యమునకు చేర్చిన చాలునను విచిత్రయంత్రమును వారు భావించి, దాని ప్రజ్ఞ సామాన్యయంత్రపు ప్రజ్ఞకు మించదని నిరూపించిరి. 1959లో ప్రకటితమైన ఆ వ్యాసమునకే 1976లో ట్యూరింగ్ పేర వెలసిన బహుమానము వారిరువురికి లభించినది. నేడు హైదరాబాదునందును, విశాఖపట్టణమునందును, తిరుపతియందును ఇంజనీరింగు విద్యార్థి రెండవయేటనో మూడవయేటనో పరీక్షకై అభ్యసించు ఉపపత్తి అదియే. వల్లెవేయువానికి అది కనుగొన్నవారిలో ఒకడు తనవంటి విద్యార్థియే యని ఎవరైన చెప్పుదురో లేదో!

1951లో మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమున, అనగా ఎంఐటిలో, రాబర్ట్ ఫానో అను ఆచార్యుడు సమాచారసిద్ధాంతమును బోధించుచు, తుదిపరీక్ష వ్రాయుదురో, లేక ఒక సమస్యను తీసికొని వ్యాసము సమర్పింతురో కోరుకొనుడని శిష్యులకు చెప్పెను. సమస్య ఇది: అక్షరములను సున్నలు, ఒకట్లుగా మార్చి పంపునపుడు, తఱచుగా వచ్చు అక్షరమునకు పొట్టి సంకేతమును, అరుదుగా వచ్చుదానికి పొడుగు సంకేతమును ఒసగి, మొత్తము సందేశమును సాధ్యమైనంత కుఱుచగా చేయుట ఎట్లు? క్లాడ్ షానన్, ఫానోలు అంతకు పూర్వమే ఒక పద్ధతిని చెప్పియుండిరి గాని, అది సర్వోత్తమము కాదు. ఆ సంగతిని ఫానో తరగతిలో బయటపెట్టలేదు. డేవిడ్ హఫ్‌మన్ అను విద్యార్థి పరీక్ష తప్పునను ఆశతో వ్యాసమును కోరుకొని, నెలల తరబడి పెనగి, విసిగి, కాగితములను చెత్తబుట్టలో వేయబోవు సమయమున మార్గము తట్టినది. గురువులు పైనుండి క్రిందికి విభజించుచు వచ్చిరి. శిష్యుడు క్రిందినుండి పైకి పోయెను: అన్నిటికన్న అరుదైన రెండక్షరములను జతపఱచి ఒక్కటిగా భావింపుము, మరల మిగిలినవానిలో అరుదైన రెంటిని జతపఱుపుము, ఇట్లు ఒక్కటి మిగులువఱకు సాగింపుము. ఇంతే! ఇంతకన్న మేలైన కూర్పు లేదను ఉపపత్తితో ఆ వ్యాసము 1952లో అచ్చుపడినది. నేడు ఫోటోలను, దస్త్రములను కుదించి దాచు ప్రతి ఫోనునందును హఫ్‌మన్ కూర్పు ఏదో యొక రూపమున పనిచేయుచునే యున్నది. తమ పద్ధతిని శిష్యుడు అధిగమించుటకు త్రోవ తీసినది గురువు ఇచ్చిన సమస్యయే.

అయితే గురుపరాజయమునకు పరమోదాహరణము మాస్కోలో జరిగినది. అంకెలను గుణించుట మానవుని ప్రాచీనవిద్యలలో నొకటి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించిన నాటికే అది తరతరములుగా బడులలో నానిన విద్య. పది అంకెల సంఖ్యను పది అంకెల సంఖ్యతో గుణింపవలెనన్న ఒక్కొక్క అంకెను ఒక్కొక్క అంకెతో హెచ్చించి నూఱు చిన్న గుణకారములు చేయవలెను. అంకెలు రెట్టింపైనచో పని నాలుగురెట్లగును. ఇంతకన్న శీఘ్రమైన దారి లేదని ఇరువదవ శతాబ్దపు గణితవేత్తలలో అగ్రగణ్యుడైన ఆంద్రే కోల్మొగొరొవ్ నమ్మెను. ఆయన హేతువును తోసివేయదగినది కాదు: వేలయేండ్లుగా లోకమంతయు ఈ పద్ధతినే వాడుచున్నది, సులభమైన దారి ఉండినచో ఎవరికో ఒకరికి దొరకియుండెడిది. 1960 శరత్తున మాస్కో విశ్వవిద్యాలయమున తన గోష్ఠిలో ఆయన ఈ ఊహను ప్రకటించి, దీనిని నిరూపింపుడని యువకులకు చెప్పెను. శ్రోతలలో అనతోలీ కరత్సూబా అను ఇరువదిమూడేండ్ల విద్యార్థి కూర్చుండియుండెను. వారము తిరుగకమున్నే ఆతడు ఆ ఊహ తప్పని నిరూపించెను.

ఆతని యుక్తి ఎంత సరళమో చూపుటకు చిన్నలెక్క చాలును. 47ను 63తో గుణింపవలెననుకొందము. బడిలో నేర్చిన రీతిని నాలుగు గుణకారములు వలయును: నాలుగాఱులు, నాలుగుమూళ్ళు, ఏడాఱులు, ఏడుమూళ్ళు. కరత్సూబా మూటితో తీర్చును. మొదట పదులస్థానముల గుణకారము, 4 × 6 = 24. తరువాత ఒకట్లస్థానముల గుణకారము, 7 × 3 = 21. ఇక మూడవది: మొదటి సంఖ్యలోని అంకెలను కూడిన 11, రెండవదానిలోని అంకెలను కూడిన 9, వాని లబ్ధము 99. ఈ 99 నుండి ముందటి 24ను, 21ని తీసివేయగా 54 మిగులును. నడిమిస్థానమునకు రావలసిన మొత్తము అదియే. 2400, 540, 21 కలిపినచో 2961. ఒక గుణకారము తగ్గి, కొన్ని కూడికలును తీసివేతలును పెరిగినవి. కూడిక సులభము, గుణకారము దుష్కరము గనుక ఈ మార్పిడి లాభసాటి. రెండంకెల లెక్కలో ఈ లాభము అల్పముగా తోచును గాని, పెద్దసంఖ్యను సగముగా, సగమును మరల సగముగా చీల్చుచు ప్రతి మెట్టునను ఇదే యుక్తిని ప్రయోగించినచో, అంకెలు రెట్టింపైనపుడు పని నాలుగురెట్లు గాక మూడురెట్లే యగును. 1024 అంకెల సంఖ్యలకు పాతపద్ధతిని 10,48,576 చిన్న గుణకారములు వలయుచుండగా, క్రొత్తపద్ధతిని మూడును పదిసార్లు హెచ్చించిన 59,049 ఇంచుమించుగా సరిపోవును.

కరత్సూబా ఈ సంగతిని విన్నవింపగా కోల్మొగొరొవ్ మిక్కిలి చలించెను. తాను నమ్మి, పదుగురిలో ప్రకటించిన ఊహ కూలినది గదా. అయినను తరువాతి గోష్ఠిలో ఆయన తానే లేచి, శిష్యుని పద్ధతిని సభకు వివరించి, ఈ గోష్ఠి ఇంతటితో ముగిసినదని ప్రకటించెను. అక్కడితో ఆగలేదు. 1962లో ఆ ఫలితమును ప్రకటించు వ్యాసమును స్వయముగా వ్రాసి, తన పేరు పెట్టుకొనక, కరత్సూబా పేరును, యూరీ ఓఫ్‌మన్ అను మఱియొక యువకుని పేరును పెట్టి పరిషత్పత్రికకు పంపెను. అచ్చుప్రతులు చేతికి వచ్చిన పిమ్మటగాని కరత్సూబాకు ఆ వ్యాసము సంగతియే తెలియదు. గురుత్వమనగా నేమో ఎవరైన నన్ను అడిగినచో ఈ వృత్తాంతమునే చెప్పుదును. ఆ నాడు తెఱచిన తలుపుగుండ తరువాత ఎందఱో ప్రవేశించిరి. 1971లో షోన్‌హాగె, స్ట్రాసెన్ అను జర్మనులు ఇంకను శీఘ్రమైన మార్గమును చూపిరి. 2019లో హార్వీ, వాన్ డెర్ హోవెన్ అనువారు దానిని మఱింత ముందునకు నడపిరి. ఇంతకు మించి పోవుట అసాధ్యమను ఉపపత్తి మాత్రము ఇంతవఱకును లేదు.

అదే గుణకారప్రశ్న సముద్రమునకు ఆవలియొడ్డునను ఒక శిష్యుని పట్టుకొనినది. హార్వర్డులో హావో వాంగ్ అను తార్కికుని యొద్ద శిష్యుడైన స్టీఫెన్ కుక్, గుణకారమునకు కనీసముగా ఎంత పని అవసరమను విషయముపై సిద్ధాంతవ్యాసము వ్రాసి 1966లో పట్టము పొందెను. లెక్కయొక్క కాఠిన్యమునే కొలువవలెనను తపన ఆతనిని విడువలేదు. 1971లో ఒక సభలో ఆతడు చదివిన వ్యాసమువలన ఈ శాస్త్రమునకంతకును తలమానికమైన ప్రశ్న స్పష్టరూపము దాల్చినది. పత్రికలలోని గళ్ళనుడికట్టు మన కందఱకు పరిచితమే: నింపుట కష్టము, నింపినదానిని సరిచూచుట తేలిక. ఇట్లే జవాబును సరిచూచుట సులభమైన ప్రశ్నల సముదాయమునకు ఎన్‌పి యనియు, జవాబును కనుగొనుటయు సులభమైన ప్రశ్నల సముదాయమునకు పి యనియు పేర్లు. ఈ రెండును ఒక్కటేనా? సరిచూడగలిగిన ప్రతిదానిని కనిపెట్టనుగూడ గలమా? తర్కసూత్ర మొకదానిని సత్యము చేయు విలువలు కలవో లేవో తేల్చు ఒక్క సమస్యయందే తక్కిన ఎన్‌పి సమస్యల భారమంతయు నిమిడియున్నదని కుక్ నిరూపించెను. మఱుచటి యేడు రిచర్డ్ కార్ప్ అట్టి సమస్యలను ఇరువదియొకటి చూపెను.

అదే సమయమున మాస్కోలో, కోల్మొగొరొవ్ శిష్యుడే యైన లియొనిద్ లెవిన్, ఈ వార్తలు తెలియకయే అదే తత్త్వమును తానుగా కనుగొని 1973లో ప్రకటించెను. ఆతని విద్యార్హతను పండితులు అంగీకరించిరి గాని, రాజకీయకారణములచే అక్కడ పట్టము దక్కలేదు. 1978లో దేశము విడిచి అమెరికా చేరి, 1979లో ఎంఐటినుండి ఆ పట్టమును పొందవలసివచ్చినది. లోకమెల్ల పాఠముగా చదువు సిద్ధాంతమునకు కర్తయైనవాడు మరల విద్యార్థియై నిలువవలసిన ఈ ఘట్టము, గురువు ఎంతటివాడైనను రాజ్యము వక్రించినపుడు శిష్యుని కాపాడలేడని తెలుపుచున్నది. ఆ పి, ఎన్‌పిల ప్రశ్నను 2000లో క్లే గణితసంస్థవారు సహస్రాబ్దిసమస్యలలో చేర్చి, తీర్చినవారికి పదిలక్షల డాలర్ల బహుమానమును ప్రకటించిరి. అది నేటికిని ఎవరికిని లొంగలేదు.

బర్కిలీలో మాన్యుయెల్ బ్లమ్ యొద్ద వికసించిన శిష్యవర్గము మఱియొక అధ్యాయము. తాను విద్యార్థిగా నుండగనే, ఏ యంత్రమునకును కట్టుబడక లెక్కల కాఠిన్యమును కొలుచుటకు సూత్రములు రచించిన బ్లమ్, గురువైన పిమ్మట శిష్యులను తన జాడలో నడువుడని నిర్బంధింపలేదు. ఆయన శిష్యుడు లియొనార్డ్ ఏడల్‌మన్, 1977లో రివెస్ట్, షమీర్‌లతో కలిసి నేటి బ్యాంకులావాదేవీలకు రక్షయైన రహస్యలిపిని రూపొందించినవాడు. ఆయన శిష్యులే షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీలు. వీరిద్దఱును విద్యార్థిదశలోనే, రహస్యలేఖ సురక్షితమనగా నేమి యను మూలప్రశ్నను లేవనెత్తిరి. శత్రువు లేఖను మొత్తముగా చదువలేకుండుట చాలదు. అందలి విషయములో లేశమైనను, అవునో కాదో యను ఒక్క తునుకయైనను ఊహింపలేకుండవలెనని వారు లక్షణము చెప్పి, దానికి యాదృచ్ఛికత అత్యావశ్యకమని 1982లో చూపిరి. ముప్పదియేండ్లకు, 2012లో, ట్యూరింగ్ బహుమానము వారిని వెదకికొని వచ్చినది. గురువు దానిని 1995లోనే పొందియుండెను.

ప్రశ్నను గుర్తింపలేని గురువులును లేకపోలేదు. అదే బర్కిలీలో 1974లో రాల్ఫ్ మెర్కల్ అను విద్యార్థి, ముందుగా ఏ రహస్యమును పంచుకొననివారు ఇద్దఱు, అందఱు వినుచున్న మార్గముననే మాటలాడుకొని, తమకు మాత్రమే తెలిసిన తాళపుచెవిని సిద్ధపఱచుకొనవచ్చునని సూచించి, తరగతి పనిగా ప్రతిపాదించెను. బోధకునకు ఆ ప్రతిపాదన అర్థవంతముగా తోపలేదు. మెర్కల్ ఆ తరగతిని విడిచి తన పనిని తానే సాగించెను. పత్రికయు మొదట త్రోసిపుచ్చిన ఆ వ్యాసము 1978లోగాని వెలుగు చూడలేదు. ఇంతలో 1976లో స్టాన్‌ఫర్డున విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్‌లు అదే దిశను వేఱుమార్గమున నడచి ప్రఖ్యాతులైరి. హెల్‌మన్ ఔదార్యము స్మరణీయము: మెర్కల్‌ను తన శిష్యునిగా చేర్చుకొనుటయే గాక, ఆ పద్ధతికి తమ ఇరువురి పేర్లతోపాటు మెర్కల్ పేరును చేర్చవలెనని తానే తరువాత వ్రాసెను. ఒకచోట మూసిన తలుపు మఱియొకచోట తెఱువబడినది గనుక ఆ విద్యార్థి నిలిచెను. తెఱువబడనిచో అతనితో ఎంతటి ఊహ మఱుగున పడియుండెడిదో!

ఇక మన దేశమునకు వత్తము. ఒక సంఖ్య ప్రధానసంఖ్యయో కాదో తేల్చుట అతిప్రాచీనమైన ప్రశ్న. చిన్నసంఖ్యలకు భాగించి చూచిన చాలును. వంద అంకెల సంఖ్యకు అట్లు చూడబోయిన కల్పాంతమైనను ముగియదు. బ్లమ్ శిష్యుడే యైన గేరీ మిల్లర్ 1975లో తన సిద్ధాంతవ్యాసమున శీఘ్రమైన పరీక్షను చూపెను గాని, అది సరియగుటకు రీమాన్ ఊహయొక్క విస్తృతరూపము సత్యము కావలెను. దానిని నేటివఱకెవరును నిరూపింపలేదు. రాబిన్ ఆ పరీక్షనే మార్చి, యాదృచ్ఛికముగా అంకెలనెన్నుకొని, పొరపాటునకు అత్యల్పమైన అవకాశము మాత్రము విడిచెను. ఏ ఊహపై ఆధారపడక, అదృష్టమును నమ్మక, నిశ్చయముగా, శీఘ్రముగా తేల్చు పద్ధతి కలదా యను ప్రశ్న మాత్రము మిగిలినది. కాన్పూరు ఐఐటిలో సోమనాథ్ బిస్వాస్, ఆయన శిష్యుడు మణీంద్ర అగ్రవాల్ 1999లో ఈ ప్రశ్నకు క్రొత్త ద్వారమును తెఱచిరి. ఆ ద్వారమునకు ఆధారమైన సత్యము మన ఛందశ్శాస్త్రము నెఱిగినవారికి అపరిచితము కాదు.

ఐదక్షరముల పాదమున గురులఘువుల కూర్పులు మొత్తము 32. అందు లఘువే లేనిది 1, ఒక లఘువు గలవి 5, రెండు గలవి 10, మూడు గలవి 10, నాలుగు గలవి 5, అన్నియు లఘువులే యైనది 1. పదియవ శతాబ్దమున హలాయుధుడు పింగళుని ఛందస్సూత్రములకు వ్యాఖ్య వ్రాయుచు మేరుప్రస్తారమని వివరించిన పట్టికలోని వరుస యిది. కొనలయందలి ఒకట్లను విడిచిన, నడుమనున్న 5, 10, 10, 5 అన్నియు ఐదుచే నిశ్శేషముగా భాగింపబడును. ఏలయన ఐదు ప్రధానసంఖ్య. ఆఱక్షరముల వరుస 1, 6, 15, 20, 15, 6, 1. ఇందు 15గాని, 20గాని ఆఱుచే భాగింపబడదు; ఏలయన ఆఱు ప్రధానసంఖ్య కాదు. ఈ లక్షణము ఏ సంఖ్యకైనను తప్పదు. కాని వంద అంకెల సంఖ్యకు మేరువులోని వరుసను వ్రాయబోయినచో విశ్వమంతయు కాగితమైనను చాలదు. ఆ వరుసను బీజగణితపు బహుపదిగా భావించి, చిన్న బహుపదిచే భాగించి, శేషమును మాత్రము పరీక్షించుట అగ్రవాల్, బిస్వాస్‌ల ఉపాయము. భాజకమును యాదృచ్ఛికముగా ఎన్నుకొనవలసి యుండుటయే అందలి లోపము.

ఆ లోపమును తొలగింపుడని అగ్రవాల్ తన బి.టెక్. విద్యార్థుల యెదుట సమస్యనుంచెను. 2001లో రజత్ భట్టాచార్జీ, ప్రశాంత్ పాండే అనువారు కొంతదూరము నడచి, ఒక ప్రత్యేకజాతి భాజకములే చాలునేమో యను ఊహను చేసిరి. ఆ పనిని మఱుచటి యేడు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అందుకొని, బి.టెక్. ముగించి అచ్చటనే పరిశోధకవిద్యార్థులుగా చేరిన ఆ వేసవియందే గురువుతో కూడి గమ్యము చేరిరి. 2002 ఆగస్టు మొదటివారమున ముగ్గురి పేర వెలువడిన ఆ వ్యాసము కొలదిపుటలది. తగిన చిన్న భాజకము నొకదానిని ఎన్నుకొని, మితమైనన్ని సార్లు శేషమును పరీక్షించినచో, ప్రధానసంఖ్య తప్ప మఱేదియు ఆ పరీక్షలో నెగ్గజాలదని అది నిరూపించెను. దినముల వ్యవధిలో ప్రపంచమునందలి సంఖ్యాశాస్త్రజ్ఞులు దానిని తరచి చూచి సత్యమని అంగీకరించిరి. హెండ్రిక్ లెన్‌స్ట్రా సూచనతో ఉపపత్తి మఱింత సులభమైనది. 2004లో అది అమెరికానుండి వెలువడు ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్ పత్రికలో అచ్చయినది. 2006లో గోడెల్ బహుమానము, ఫుల్‌కర్సన్ బహుమానము లభించినవి. ఆ పరీక్షలో పెద్దఘాతములను కట్టుటకు వాడు ఉపాయము, ఘాతమును సగముచేయుచు పోయి, బేసియైనచోట ఒకటి తగ్గించి, తిరిగివచ్చునపుడు వర్గము చేయుటయు మూలరాశితో హెచ్చించుటయు, పింగళుడు వృత్తసంఖ్యను లెక్కించుటకు చెప్పిన సూత్రమునకు దగ్గఱి చుట్టము. పింగళునినుండి కాన్పూరుకు ఎడతెగని సంప్రదాయము వచ్చినదని నేను చెప్పబోను. అట్టి సంప్రదాయము నడుమ తెగినదనుటయే సత్యము. అయినను ఆ సరకు మన ఛందోగ్రంథములలో నేటికిని భద్రముగా నుండగా, కంప్యూటరు తరగతిలో దానిని పరాయివిద్యగా పిల్లలకు పరిచయము చేయుట తగదు.

ఈ వృత్తాంతములన్నిటను సమానముగా కనబడునది ఒకటి కలదు. న్యూమన్, ఫానో, కోల్మొగొరొవ్, బ్లమ్, అగ్రవాల్: వీరిలో ఎవరును శిష్యునకు సిద్ధాన్నము పెట్టలేదు. తమకును జవాబు తెలియని ప్రశ్నను, ఒక్కొక్కపుడు తాము తప్పుగా నమ్మిన ఊహను, ముందుంచిరి. శిష్యుడు తమను దాటిపోయిన దినమున దానిని దాచక చాటిరి. మన కళాశాలలలో గణనసిద్ధాంతము పాఠ్యభాగమే. వేలాది పిల్లలు ఏటేట దానిని చదువుచున్నారు. వారి చేతికందుచున్నవి జవాబులు, అవియు మార్కుల కొలతకు సరిపోవునట్లు తఱిగిన జవాబులు. గుణకారమునకు కనీసమెంత పని కావలయునో నేటికిని తేలలేదనియు, సరిచూచుటకును కనిపెట్టుటకును భేదము కలదో లేదో లోకమున ఎవరికిని తెలియదనియు, ఆ పాఠము చివర ఒక్క మాట చెప్పుటకు ధనము అక్కరలేదు, విదేశపు అనుమతి అక్కరలేదు. ఆ మాట విన్న వేయిమందిలో ఒక్కడు దానిని పట్టుకొని రాత్రులు మేల్కొనినచో పెట్టుబడి తిరిగివచ్చినట్లే. ప్రశ్న నిచ్చి, ఓడుటకు సిద్ధపడి, ఓడిననాడు కోల్మొగొరొవ్ వలె తన కలముతోనే ఆ వార్తను ప్రకటింపగల గురువు ఉన్న చోటనెల్ల ఈ శాస్త్రము పెరిగినది. అట్టి గురువును వెదకి, గౌరవించి, పాఠపు బరువు తగ్గించి, ఆలోచనకు తీరిక కల్పించి నిలుపుకొన్ననాడు మన కళాశాలలయందును పెరుగును.